ముందు కార్బురేటర్ విప్పకండి

నా పాత బోటు మోటరులో పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి అందించే భాగం కార్బురేటర్. వరుసగా మూడు ఆదివారాలు ఆ ఒక్క కార్బురేటరే విప్పాను. మొదటిసారి విప్పినప్పుడు గిన్నె అడుగున గోధుమరంగు జిగురు కొంచెం కనిపించింది. దొంగ దొరికాడనుకున్నాను. కడిగి, జెట్లలో (పెట్రోలుని కొలిచి పంపే చిన్న ఇత్తడి రంధ్రాలు) గాలి కొట్టి, కొత్త గ్యాస్కెట్టు వేసి బిగించాను. నీళ్ళలోకి దింపితే ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత మళ్ళీ పాత కథే. ఉన్నట్టుండి మిస్సింగ్ కొట్టడం, వేగం సగానికి పడిపోవడం, రేసు ఎంత ఇచ్చినా పికప్ లేకపోవడం. ఆపేసి పావుగంట కూర్చుంటే, ఏమీ ఎరగనట్టు ఒక్కసారి తాడు లాగితే స్టార్టయ్యేది.

రెండో ఆదివారం, గిన్నెలో పెట్రోలు మట్టం చూసే ఫ్లోటు ఎత్తు సరిచేసి, దాని సూది మార్చాను. మూడో ఆదివారం పెట్రోలు పంపు డయాఫ్రమ్ కూడా మార్చాను. ఇంట్లోవాళ్ళకి ఆదివారం అంటే పెట్రోలు వాసన అన్నట్టయింది. ఇంజను మాత్రం తన ఇరవై నిమిషాల పట్టు వదల్లేదు.

నాది 1980ల నాటి ఔట్‌బోర్డ్ మోటరు, అంటే బోటు వెనక బయట తగిలించేది. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, 15 హార్స్‌పవర్. నాలుగో ఆదివారం మా బావమరిది తోడు వచ్చాడు. లెక్కలు చూసుకునే మనిషి, పానా పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. బోటు మధ్యలో కూర్చుని నా అవస్థ కాసేపు చూసి, "బావా, ఆగుతున్నది ఇంజనంతానా, సగమా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నెల రోజులుగా నాకు తట్టని ప్రశ్న అది. అదే అడిగి ఉంటే కార్బురేటర్ జోలికి ఒక్కసారి కూడా వెళ్ళనక్కర్లేదు. ఎందుకంటే ఈ మోటరులో రెండు సిలిండర్లకీ కార్బురేటర్ ఒకటే. అందులో లోపముంటే రెండూ కలిసి అవస్థ పడాలి. ఒకటే పోతోందంటే, లోపం ఆ ఒక్కదానికే సంబంధించినచోట ఉండాలి. స్పార్కు ప్లగ్గు కావచ్చు, దానికి కరెంటు పంపే కాయిల్ కావచ్చు, వైరు కావచ్చు, లేదా ఆ సిలిండరే కావచ్చు.

మళ్ళీ మిస్సింగ్ మొదలయ్యేదాకా నడిపి, మొదలవ్వగానే ఆపేసి, వేడివేడిగా రెండు ప్లగ్గులూ విప్పాం. పైది పొడిగా, లేత గోధుమరంగులో ఉంది. కిందది పెట్రోలులో ముంచి తీసినట్టుంది. అంటే అక్కడికి పెట్రోలు చేరుతోంది, అంటించే నిప్పే లేదు. ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూస్తే మళ్ళీ కింది సిలిండరే పోయింది, కాబట్టి తప్పు ప్లగ్గుది కాదు. ఒడ్డుకొచ్చాక రెండు ఇగ్నిషన్ కాయిల్స్ స్థానాలు మార్చాను. ఒక్కోదానికి రెండేసి బోల్టులు, ఒక చిన్న వైరు, అంతే. పైసా ఖర్చు లేదు. మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాం. ఇరవై నిమిషాలకి ఈసారి పై సిలిండరు చచ్చిపోయింది. రోగం కాయిల్‌తోపాటు పైకెక్కింది. కాయిల్ తీసి వెలుతురులో తిప్పి చూస్తే, వెనకవైపు నల్లటి పూత మీద వెంట్రుకంత పగులు. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే రీడింగు సరిగ్గానే చూపించింది. వేడెక్కి పగులు తెరుచుకున్నాకే కరెంటు లోపల్లోపలే జారిపోతోంది.

అప్పటినుంచి నాదొక వాదన. పాత మోటర్లు పాతవైనందుకే మొరాయించేది తక్కువ. మనం ఊహల మీద విప్పడం వల్ల అవి బాగుపడటం ఆలస్యమయ్యేదే ఎక్కువ. ఆ ఊహలన్నీ కార్బురేటర్ దగ్గరే మొదలవుతాయి. అది ముందే ఉంటుంది, నాలుగు స్క్రూలు తీస్తే చేతికొస్తుంది. పైగా ఏ పాత కార్బురేటర్ విప్పినా కొంచెం మురికి తప్పక కనిపిస్తుంది. మురికి కనిపించగానే కారణం దొరికిందనిపిస్తుంది. కనిపించిన మురికల్లా కారణం కాదని తెలుసుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

"విప్పితే పోయేదేముంది, శుభ్రమేగా అయ్యేది" అంటారు కొందరు. పోయేది ఉంది. నలభై ఏళ్ళ ఇత్తడి జెట్టు తలమీద గాడి ప్రతి విప్పుకీ కొంచెం అరుగుతుంది. సరిపడని స్క్రూడ్రైవరు పెడితే ఒక్కసారికే పోతుంది. జెట్టు రంధ్రంలో ఇనుప తీగ పెట్టి కెలికితే రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఆ మిశ్రమం లెక్క ఎప్పటికీ కుదరదు. వైరులోంచి తీసిన రాగి పోగు వాడాలి, అదీ మెల్లగా. అన్నిటికంటే పెద్ద నష్టం, మొదట ఉన్న లోపానికి మనం చేసిన కొత్త లోపం తోడై, రెండూ కలిసి ఒకే లక్షణం చూపించడం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే చేతికి గ్రీజు అంటకుండా చూడగలిగేవాటితో మొదలుపెడతాను. అసలు స్టార్టే కాకపోతే ముందు ఎర్ర తాడు. ప్రమాదంలో ఇంజను ఆగిపోవడానికి నడిపేవాడి ఒంటికి తగిలించుకునే ఆ తాడు క్లిప్పు ఊడి ఉంటే, చెయ్యి నొప్పెట్టేదాకా లాగినా స్పార్కు రాదు. గేరు న్యూట్రల్‌లో ఉందా అన్నది ఆ తర్వాత. ఈ రెండూ చూసుకోకుండా ప్లగ్గులు విప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను, వివరాలు అడక్కండి.

స్టార్టయి, ఐదు నిమిషాలు నడిచి, పెట్రోలు అయిపోయినట్టు ఆగిపోతుంటే ట్యాంకు మూత మీద గాలి వెళ్ళే స్క్రూ చూడండి. అది మూసి ఉంటే, పెట్రోలు బయటికి వెళ్ళేకొద్దీ బయటి గాలి లోపలికి రాక ట్యాంకులో పీడనం పడిపోతుంది, చివరికి పంపు లాగలేకపోతుంది. గొట్టం మధ్యలో, నొక్కి పెట్రోలు పంపే రబ్బరు బల్బు చప్పిడిగా అతుక్కుపోయిందంటే ట్యాంకువైపు ఏదో మూసుకుపోయినట్టే. అది గాలి స్క్రూ కావచ్చు, ట్యాంకు లోపలి జల్లెడ కావచ్చు. అదే బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోందని. చాలాసార్లు అది మోటరుకి తగిలించే కనెక్టరులోని చిన్న రబ్బరు రింగే (ఓ-రింగు). బల్బు మీది బాణం మోటరువైపు చూడాలి.

ఆ బల్బు మంచి డాక్టరు కూడా. ఇంజను నీరసపడుతున్న క్షణంలో ఎవరినైనా బల్బు నొక్కుతూ ఉండమనండి. నొక్కుతుంటే పుంజుకుంటే పెట్రోలు సరఫరాలో లోపం, అంటే గొట్టమో, ఫిల్టరో, పంపో. నొక్కినా తేడా లేకపోతే పెట్రోలు మీద అనుమానం తగ్గించుకుని కరెంటువైపు తిరగొచ్చు. ఈ పరీక్షకి పానా కూడా అక్కర్లేదు. నా మూడు ఆదివారాల్లో ఒక్కసారి కూడా చెయ్యలేదు.

స్పార్కు చూడటంలో ఒక మోసం ఉంది. ప్లగ్గు విప్పి ఇంజను లోహానికి ఆనించి తాడు లాగితే చిన్న మెరుపు వస్తుంది, "స్పార్కు ఉంది" అనేస్తాం. కానీ బయటి గాలిలో మిల్లీమీటరు ఖాళీ దాటడం తేలిక. సిలిండరు లోపల ఒత్తిడిలో దూకడం వేరు సంగతి. ఖాళీ పెంచి చూసే టెస్టరు ఒకటి దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న చాలా మోటర్లలో స్పార్కు 11 మిల్లీమీటర్ల దూరం టప్‌మని దూకాలి. ఇది చేసేటప్పుడు పెట్రోలు డబ్బా దగ్గర్లో ఉండకూడదు. నడుస్తున్న ఇంజను మీద ప్లగ్గు వైరు చేత్తో పీకడం కొందరికి అలవాటు. షాకు సంగతి అలా ఉంచితే, వెళ్ళడానికి దారి లేని కరెంటు కాయిల్ లోపలే దారి వెతుక్కుని దాన్ని కాల్చెయ్యగలదు.

ఇంకా పాత మోటర్లలో ఫ్లైవీల్ (ఇంజను పైన తిరిగే బరువైన చక్రం) కింద పాయింట్లు ఉంటాయి, స్పార్కు కోసం కరెంటుని తెంపే చిన్న స్విచ్చులు. ఏడాదిపాటు మూలన పడున్న మోటరు స్టార్ట్ కాకపోతే, పాయింట్ల మొహం మీద పట్టిన పల్చటి పొర చాలు కారణానికి. సన్నటి ఆకురాయితో మెల్లగా రుద్ది, స్పిరిట్టులో ముంచిన కాగితం ముక్కని మధ్యలోంచి లాగితే మళ్ళీ ప్రాణం వస్తుంది. కాగితం మరక లేకుండా వచ్చేదాకా లాగాలి.

పానా పట్టే పనుల్లో అన్నిటికంటే ముందు చెయ్యాల్సినదాన్ని చివర్లో చెబుతున్నాను, ఎందుకంటే నేనూ దాన్ని చివర్లోనే చేశాను. కంప్రెషన్, అంటే పిస్టను నొక్కినప్పుడు సిలిండరులో పుట్టే ఒత్తిడి. ప్లగ్గులన్నీ తీసేసి, వాటి వైర్లు ఇంజను లోహానికి తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి పెట్టి నాలుగైదుసార్లు తాడు లాగాలి. అంకె ఎంతన్నది మోటరుని బట్టి, గేజిని బట్టి మారుతుంది. రెండు సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. పది శాతం లోపుంటే నిశ్చింతగా మిగతావి చూడొచ్చు. ఒకటి 110 పీఎస్ఐ, ఒకటి 60 చూపించిందంటే రింగులో, పిస్టనో, హెడ్ గ్యాస్కెట్టో పోయినట్టే. అప్పుడు కార్బురేటర్ని పాలతో కడిగినా ఒరిగేదేమీ లేదు.

ఇక నీళ్ళు. ఔట్‌బోర్డుకి రేడియేటరు ఉండదు. నీళ్ళలో మునిగే కింది కాలులో ఉన్న రబ్బరు ఇంపెల్లరు (రెక్కల చక్రం) బయటి నీళ్ళు లాగి ఇంజను చుట్టూ తిప్పి వదిలేస్తుంది. ఆ నీళ్ళలో కొంత వెనకనుంచి సన్నటి ధారగా బయటికొస్తుంది, పంపు పనిచేస్తోందని మనకి తెలియడానికి. స్టార్ట్ చేసిన మరుక్షణం నా కళ్ళు అక్కడికే పోతాయి. ధార లేకపోతే వెంటనే ఆపేస్తాను. అన్నిసార్లూ పంపే పోయిందని కాదు. ఆ చిన్న రంధ్రంలో పురుగు గూడు పెట్టినా, ఉప్పు గడ్డకట్టినా ధార ఆగుతుంది. నైలాన్ తీగ ముక్క గుచ్చితే వచ్చేస్తుంది.

ధార వచ్చినంత మాత్రాన ధైర్యపడకూడదు కూడా. పంపు నీళ్ళు తోడుతోందని మాత్రమే అది చెబుతుంది. వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే థర్మోస్టాటు మూసుకుపోయి పట్టేసినా, లోపలి దారుల్లో ఉప్పు పేరుకున్నా, కొన్ని మోటర్లలో ధార వస్తూనే ఉంటుంది, ఇంజను కాలుతూనే ఉంటుంది. నేను థర్మోస్టాటుని ఒక గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి, వేడిచేస్తూ, థర్మామీటరు పక్కన పెట్టి, ఎంత వేడికి నోరు తెరుస్తుందో చూస్తాను. అంత సరదా పని మరొకటి లేదు.

ఇంపెల్లరు విషయంలో నాది కొంచెం ఛాందసం. చాలామంది అది పోయాక మారుస్తారు. నేను రెండేళ్ళకోసారి, బాగానే ఉన్నా మార్చేస్తాను. అది గుండ్రటి గూట్లో కాస్త పక్కకి జరిగి కూర్చుంటుంది, దాని రెక్కలు ఎప్పుడూ ఒకవైపు వంగే ఉంటాయి. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచితే ఆ వంపులోనే బిర్రబిగుస్తాయి. మోటరు తిప్పలేదు కాబట్టి ఇంపెల్లరు కొత్తదే అనుకోవడం అందుకే పొరపాటు. నీళ్ళు లేకుండా ఒక్క నిమిషం తిప్పితే చాలు, రబ్బరు మాడిపోతుంది. "స్టార్టవుతుందో లేదో చూద్దాం" అని పొడి నేల మీద తాడు లాగే పాత మోటర్ల అమ్మకందార్లని చూస్తే నాకు టెన్షన్. విప్పినప్పుడు రెక్క ఒకటి విరిగి కనిపించకపోతే, ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. అది పైకెళ్ళి ఏదో ఒక దారికి అడ్డం కూర్చునే ఉంటుంది.

కింది కాలు విప్పడం అనేసరికి అసలు విలన్ వస్తాడు. ఉప్పునీళ్ళలో తిరిగిన అల్యూమినియంలో ఏళ్ళుగా ఉన్న స్టీలు బోల్టు. రెండు లోహాల మధ్య తెల్లటి పొడి పేరుకుని, బోల్టు ఇంజనుతో కలిసిపోయి ఉంటుంది. బలం పెడితే తల విరిగి చేతికొస్తుంది, మొండెం లోపల ఉండిపోతుంది. నాకు ఒకసారి అలా విరిగింది, దాన్ని డ్రిల్లు చేసి తియ్యడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడైతే ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె పోసి ఉంచుతాను. మర్నాడు బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని హీట్ గన్‌తో వేడిచేసి (నూనె తుడిచి, పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టాకే), ముందు బిగించేవైపు ఒక పిసరు, తర్వాత విప్పేవైపు ఒక పిసరు, ఇలా అటూ ఇటూ ఆడిస్తాను. అల్యూమినియం వేడికి స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులుతుంది. బోల్టు కదిలినప్పుడు కిర్రుమని ఒక చిన్న శబ్దం చేస్తుంది. ఆ శబ్దం వినపడేదాకా నేను ఊపిరి తీసుకోను. తిరిగి బిగించేటప్పుడు ప్రతి బోల్టు మరలకీ మెరైన్ గ్రీజు. అది చెయ్యని మనిషి, తర్వాత విప్పేవాడికి శత్రువు, ఆ విప్పేవాడు చాలాసార్లు తనే.

గేరాయిలు గురించి ఎక్కువ చెప్పను. ఏడాదికోసారి మార్చాలి. పాలు కలిపిన కాఫీలా వచ్చిందంటే నీళ్ళు దిగాయి, సీళ్ళు చూడాలి. ప్రొపెల్లరు వెనక షాఫ్టుకి చుట్టుకున్న చేపల గాలం తీగ నెమ్మదిగా సీలుని కోస్తుంది, అందుకే అప్పుడప్పుడూ ప్రొపెల్లరు తీసి చూడటం మంచిది. కొత్త ఆయిలు కింది రంధ్రంలోంచి పైకి ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా పొంగాక ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ. వాషర్లు కొత్తవి వెయ్యాలి.

పెట్రోలులో ఆయిలు కలపడం దగ్గర నాకు చాలామందితో పేచీ. పాత మోటరు కదా, కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే అంటారు. 50కి 1 అని పుస్తకంలో ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25 లీటర్ల ట్యాంకుకి అరలీటరు. ఇంకా పాత మోటర్లకి లెక్క వేరు, 24కి 1 అడిగేవి ఉన్నాయి. మన మోటరు ఏది అడుగుతుందో అదే పొయ్యాలి. జెట్టులోంచి వెళ్ళే ద్రవంలో ఆయిలు వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. అంటే రక్షణ అనుకుని గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని మనమే పల్చన చేస్తున్నాం. కాలని ఆయిలు బొగ్గుగా మారి రింగుల్ని పట్టేస్తుంది. తక్కువ పోస్తే మరీ ప్రమాదం, ఇలా కలిపి పోసే టూ స్ట్రోకుకి వేరే ఆయిలు దారి లేదు కాబట్టి పిస్టను పట్టేస్తుంది. అలాగే మోటారుసైకిల్ ఆయిలు వద్దు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. అది నీళ్ళతో చల్లబడే ఇంజన్ల కోసం బూడిద మిగలకుండా చేసిన ఆయిలు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ హద్దు దాటాక ఇథనాలూ నీళ్ళూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, గొట్టం లాగేది అక్కడినుంచే. నేను నెల దాటిన పెట్రోలు బోటులో వాడను. మోటరు పక్కన పెట్టేముందు కార్బురేటర్ గిన్నె కింది స్క్రూ తీసి ఖాళీ చేస్తాను. గొట్టం పీకేసి ఇంజను ఆగేదాకా నడిపేవాళ్ళున్నారు. ఆ చివరి క్షణాల్లో ఇంజనుకి పెట్రోలుతోపాటు ఆయిలూ అందదు, పైగా గిన్నె అడుగున కొంచెం మిగిలే ఉంటుంది. స్క్రూ తియ్యడం నయం.

ఇంత గోల ఎందుకు, కొత్త ఫోర్ స్ట్రోకు కొనుక్కోవచ్చుగా అనే ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కార్బురేటర్ టూ స్ట్రోకులో పెట్రోలులో చెప్పుకోదగ్గ భాగం కాలకుండానే నీళ్ళలోకి పోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో కొత్త నిబంధనలు తెచ్చి, 1998 మోడళ్ళతో మొదలుపెట్టి దశలవారీగా వీటిని పక్కకి నెట్టింది అందుకే. ఆ విషయంలో నేను వాదించను. నా పక్షాన ఉన్నవి రెండే. ఒకటి బరువు. 15 హార్స్‌పవర్ టూ స్ట్రోకు సుమారు 35 కిలోలు, అదే శక్తి ఉన్న ఫోర్ స్ట్రోకు 50 దగ్గర. మోటరుని భుజాన మోసుకెళ్ళేవాడికి ఆ తేడా నడుముకి తెలుస్తుంది. రెండోది, ఇందులో నేను చూడలేని భాగం, కొలవలేని భాగం లేవు. ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మొదలుపెట్టిన ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డుల తయారీ 2020లో ఆగిపోయింది. అయినా వాటి పాత మోడళ్ళకి ఇంపెల్లర్లు, కాయిల్స్, కార్బురేటర్ కిట్లు వేరే తయారీదార్ల నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఎప్పుడు వదిలెయ్యాలో కూడా ముందే రాసి పెట్టుకున్నాను. నా దగ్గర ఒక నోటుబుక్కుంది, బావమరిది ఇచ్చిందే. ఏటా ఒకే గేజితో రెండు కంప్రెషన్ అంకెలు, గేరాయిలు రంగు, ఇంపెల్లరు తేదీ రాస్తాను. నిరుడు 114, 108. ఈసారి 112, 106. తేడా పదిహేను శాతం దాటిన ఏడు ఇంజను పైభాగం తెరిచి చూస్తాను. సిలిండరు గోడ మీద గోరు తగిలేంత గీతలుంటే అమ్మేస్తాను, ఉన్న లోపం చెప్పే అమ్ముతాను.

పోయిన నెల న్యూట్రల్‌లో నెమ్మదిగా తిరుగుతూ తిరుగుతూ ఆగిపోవడం మొదలుపెట్టింది. రేసు ఇస్తే మాత్రం బాగానే లాగుతోంది. కంప్రెషన్ చూశాను. టెస్టరుతో రెండు స్పార్కులూ చూశాను. బల్బు గట్టిగానే ఉంది. చోకు కొంచెం లాగితే సర్దుకుంటోంది, రెండు సిలిండర్లకీ ఒకేలా. ఇక మిగిలింది ఐడ్లింగ్ జెట్టు, నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చేది. బావమరిదికి ఫోన్ చేసి, ఈసారి కార్బురేటర్ విప్పుతున్నానని చెప్పాను. "ఎన్నోసారి బావా?" అన్నాడు. జెట్టు తీసి వెలుతురుకి పట్టుకుంటే అవతలివైపు కనిపించలేదు. రాగి పోగుతో ఒక్కసారి దాటించాను, అరగంటలో మోటరు మళ్ళీ బోటు మీద ఉంది.